పెట్టుబడిదారుడికి రెండడుగుల వెనక

యూనివర్సిటీ నుంచి బయటికొచ్చిన ప్రతి పట్టభద్రుడూ ఏదో ఒక రోజు మేనేజర్ అయి తీరాలన్నది ఈ నగరం రాసుకోని రాజ్యాంగం. ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేసిన నాకూ ఆ హక్కు సంక్రమించింది. తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన ఉన్న కంపెనీలో ఇన్వెస్ట్‌మెంట్ మేనేజర్‌గా చేరాను. (ఆ ఆఫీసులో మేనేజర్ కానిది వాటర్ ఫిల్టర్ ఒక్కటే.) నేను మేనేజ్ చేయాల్సిన ఇన్వెస్ట్‌మెంట్లను నేనే వెతికి తెచ్చుకోవాలన్న సంగతి చేరిన రోజు సాయంత్రం తెలిసింది.

మా బ్రాంచి హెడ్ సింధూజ మేడమ్ స్థానిక వనరులను లోతుగా పరిశీలించి, రిటైరైనవాళ్ల డబ్బంతా పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో వాకింగ్ చేస్తోందని తేల్చారు.

"నరేందర్, నువ్వు గాడనే చదివినవ్ గదా. రేపట్నుంచి పోయి నడువు."

"క్లాసులకు గూడ అంత పొద్దున ఎన్నడు పోలే మేడమ్."

"అప్పుడు నీకు టార్గెట్ లేకుండె."

వెంటనే నడక విధానం జారీ అయింది. కాబోయే పెట్టుబడిదారుడికి రెండడుగుల వెనక నడవాలి. ఆయన ఆయాసపడితే మనమూ ఆయాసపడాలి. ఆయన మోకాళ్ల గురించి చెబితే శ్రద్ధగా విని, మోకాళ్ల నుంచి భవిష్యత్తుకు, భవిష్యత్తు నుంచి ఫండ్‌కు రావాలి.

అమలులో చిన్న ఇబ్బంది ఎదురైంది. మిగతా కంపెనీలకూ ఇదే విధానం ఉంది. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద ఒక్కో పెద్దాయన వెనక ఇద్దరు ముగ్గురు మేనేజర్లు నడుస్తున్నారు. అందరూ నా క్లాస్‌మేట్లే. ఒకాయన బూటు లేసు కట్టుకోవడానికి ఆగితే మా బ్యాచ్‌లో సగం ఆగింది. (పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ఎప్పుడూ ఇంత హాజరు లేదు.)

ఆ పరిస్థితిలో నాకు వెంకటేశ్వర్లుగారు దొరికారు. కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరై లాలాపేట్‌లో ఉంటున్నారు. ఆయన వెనక ఒక్క మేనేజరూ లేడు. నా అదృష్టమనుకున్నాను.

"వెనకెందుకు నాయనా, పక్కన నడువు," అన్నారాయన.

దీనికి విధానంలో నిబంధన లేదు. అయినా పక్కకు వెళ్లాను.

"ఉద్యోగం ఎలా ఉంది?"

చేరినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఇంట్లో జీతమెంత అని అడిగారు. మేడమ్ ఎంత తెచ్చావని అడిగారు. నేను ఫండ్ గురించే మొదలుపెట్టాను, కానీ మాట మెట్టుగూడలో అద్దెగదికి, అక్కడి నుంచి ప్రొబేషన్‌కు వెళ్లిపోయింది. నెలాఖరులోపు ఒక్క కస్టమరైనా దొరక్కపోతే నన్ను తీసేస్తారని కూడా చెప్పేశాను.

"ఇంట్ల చెప్పలే సార్. కొడుకు మేనేజర్ అయిండని అమ్మ వాడకట్టంత చెప్పుకున్నది."

ఆయన విన్నారు. మర్నాడూ విన్నారు. ఆ వారమంతా విన్నారు. ఆదివారం నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, "అందరి భవిష్యత్తూ చూస్తానని తిరుగుతున్నావు. నీ భవిష్యత్తు ఎవరు చూస్తున్నారయ్యా?" అన్నారు.

"ఎవ్వరు లేరు సార్."

"ఫోనిలా ఇవ్వు." కాసేపు ఏవో నొక్కారు. "ఓటీపీ వచ్చుంటుంది, చదువు."

చదివాను. చిన్నప్పుడు ఎక్కాలు కూడా అంత వినయంగా చదవలేదు.

వెంకటేశ్వర్లుగారు మరో కంపెనీలో సీనియర్ ఇన్వెస్ట్‌మెంట్ మేనేజరని, నా జీతంలోంచి నెలనెలా కొంత ఆయన ఫండ్‌కు వెళుతుందని ఆ తర్వాత వచ్చిన మెసేజ్‌లో ఉంది. (అభినందనలు కూడా ఉన్నాయి.)

"సార్, నేను మీకు అమ్మనీకి వచ్చిన," అన్నాను.

"మొదటి రోజే తెలిసింది నాయనా. ఏం చెయ్యను, నాకూ నెలాఖరే కదా."

ఈ సంగతి విన్న సింధూజ మేడమ్ నన్ను తీసేయలేదు. ఎక్కువ జీతమిచ్చి వెంకటేశ్వర్లుగారిని మా బ్రాంచికి తెచ్చుకున్నారు. నన్ను శిక్షణ విభాగానికి మార్చారు. అక్కడ నా పని బోర్డు పక్కన నిలబడటం.

మొదటి క్లాసులో ఆయన నా భుజం మీద ఆప్యాయంగా చెయ్యివేసి చెప్పారు: "అమ్మడానికి వచ్చినవాడే అందరికన్నా త్వరగా కొంటాడు. పాపం, ఎలా ఉన్నావని అతన్ని ఎవరూ అడిగి ఉండరు."

మేనేజర్లంతా నన్నొకసారి చూసి రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.