దొండకాయ మీద వీటో

తెల్లవారుజామున ఉరిమి ఉరిమి కురిసిన వాన తెరిపిచ్చి, పరాయిదేశపు బెడోక్ పేట మీద ఆకాశం కడిగిన పళ్ళెంలా తళతళలాడుతోంది. పదో అంతస్తు కిటికీలోంచి తడి లుంగీని వెదురుగడకు తొడిగి బయటికి చాపుతూ, మధ్యాహ్నానికి నాలుగు రకాలు వండేయాలనుకున్నాడు మహీధర్. ఆ ఊళ్ళోనే మరో పేట పాసిర్ రిస్ నుంచి సుధాకరరావు, కమలాదేవి దంపతులు తమ కూతురు మహతిని వెంటబెట్టుకుని భోజనానికొస్తున్నారు. సంబంధం కుదిరేదీ తప్పేదీ ఈ పూటతో తేలిపోతుంది.

మహతి న్యాయశాస్త్రం చదువుతోంది. అమెరికా రాజ్యాంగం మీద వ్యాసం రాస్తోందని విని, ఆఫీసులో రెండువేల సంవత్సరం గండం నుంచి కంప్యూటర్లను గట్టెక్కించే పనిలో తలమునకలుగా ఉండి కూడా, మహీధర్ దాని మీద పుస్తకమొకటి తెచ్చి సగం చదివాడు. ఇంగ్లండు రాజు పెత్తనం పడలేక విడిపోయినవాళ్ళు, మళ్ళీ ఎవడూ రాజు కాకూడదని అధికారాన్ని మూడు ముక్కలు చేసుకున్న వైనం అతనికి తెగ నచ్చింది. ఎందుకంటే ముగ్గురు బ్రహ్మచారులు పంచుకున్న ఆ ఫ్లాట్‌లోనూ ఒక రాజుండేవాడు. అద్దె ఒప్పందం తన పేరు మీద ఉందని పెద్దిరాజు రోజూ దొండకాయ వేపుడే చేయించేవాడు. అందుకని మహీధర్ కొత్త రాజ్యాంగం తెచ్చాడు. ఏం వండాలో పెద్దిరాజు తీర్మానిస్తాడు. మహీధర్ వండుతాడు, నచ్చకపోతే వీటో చేస్తాడు. తగువొస్తే మూడోవాడు కేశవరావు తీర్పు చెప్తాడు.

"ఇవాళ దొండకాయ వేపుడు," అన్నాడు పెద్దిరాజు, నోట్లో బ్రష్షు తీయకుండానే.

"వీటో! పిల్లనిచ్చేవాళ్ళొస్తుంటే దొండకాయేంట్రా? కోడికూర చేస్తాను."

"ఏం వండాలో చెప్పడానికి నువ్వెవడివి? ఒరే కేశవా, తీర్పు చెప్పు."

కేశవరావు పేపరు మడిచాడు. "కోడి చెల్లదు. వండేవాడు మెనూ వెయ్యకూడదు."

"సరే, గుత్తొంకాయ చెయ్," అని పెద్దిరాజు దిగొచ్చాడు.

మహీధర్ ఎగిరి గంతేసి వంకాయలన్నీ కోసేశాడు. అప్పుడు గుర్తొచ్చింది కేశవరావుకు.

"ఆగాగు. వంకాయ తింటే నాకు దురదలు. ఒంటికి పడనిది వండకూడదని హక్కు రాసుకున్నాం కదా? కొట్టేశాను."

"నువ్వు తినకురా బాబూ! వాళ్ళకి పెడదాం!"

"హక్కంటే హక్కే."

పెద్దిరాజుకు ఒళ్ళు మండింది. "ఓహో! అయితే సరుకులు నేనివ్వను. అమెరికాలో సభక్కూడా ఇలా ఖర్చులు ఆపేసే పవరుందని నువ్వే చెప్పావు," అంటూ సరుకుల అలమరాకు తాళం వేసి చెవి బొడ్లో దోపుకున్నాడు.

"పోనీ, కింద తిండి దుకాణాల హాకర్ సెంటర్లో ఏదైనా కొనుక్కొస్తాను," అన్నాడు మహీధర్ ఏడుపు గొంతుతో.

"బయటి తిండి రాజ్యాంగంలో లేదు. సవరించాలంటే ముగ్గురం ఒప్పుకోవాలి," అన్నాడు కేశవరావు.

"దొండకాయకి ఒప్పుకోండి, నేనూ ఒప్పుకుంటా," అన్నాడు పెద్దిరాజు.

తలుపు మీద టకటకమని చప్పుడయింది.

కమలాదేవి తిన్నగా వంటింట్లోకి నడిచింది. కోసి నల్లబడిన వంకాయలూ చల్లటి పొయ్యీ చూసింది. "ఏం బాబూ, ఇంకా పొయ్యి వెలిగించలేదా?"

మహీధర్ తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. మహతి నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

"అయ్యో, అందరూ ఒప్పుకోవాలన్నది అమెరికావాళ్ళ మొదటి ఒప్పందం లాహ్! పదమూడు రాష్ట్రాలూ సరేనంటేనే మార్పు. ఏదీ కదల్లేదు. అందుకే కదా కూర్చుని కొత్త రాజ్యాంగం రాసుకున్నారు? మీరు వాళ్ళు పారేసింది ఏరుకొచ్చారు!" అంది, ఆ ఊరి యాస కలిపి.

సంబంధం గాలికి పోయిందని మహీధర్ గోడకు ఆనుకున్నాడు. కమలాదేవి మాత్రం భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, విన్నారా? కూర మార్చాలన్నా ఇద్దర్నడుగుతాడట! ఇలాంటి అల్లుడు మనకెక్కడ దొరుకుతాడు?"

"నీ ఇష్టం," అన్నాడు సుధాకరరావు.

"నువ్వేమంటావే?"

"ఓకే అమ్మా. కానీ వీటో నాకే ఉండాలి," అంది మహతి.

"ఉంచుకోండి!" అన్నాడు మహీధర్, ఈసారి ఎవర్నీ అడక్కుండా.

బ్యాంకులో పెద్ద అధికారి అయిన సుధాకరరావు, పెద్దిరాజు ముందు చెయ్యి చాపాడు. తాళంచెవి వచ్చింది. ఆయన చొక్కా చేతులు మడిచి అన్నం వండాడు, టమాటా పప్పు పెట్టాడు, అప్పడాలు వేయించాడు. పేపర్లు పరుచుకుని ఆరుగురూ నేల మీద కూర్చున్నారు. వేళ మించిన ఆకలికి పప్పుగిన్నె చకచకా చేతులు మారింది.

మారు వడ్డించుకోబోతూ సుధాకరరావు ఒకసారి భార్య వంక చూశాడు. ఆవిడ తలూపాక వడ్డించుకున్నాడు.