కాజాలమ్మ కిటికీ

తమ పరిధిలోని ప్రతి చిన్న ఇల్లూ ఇప్పుడు అందులో ఉండే మనిషికి కొలతపెట్టి కుట్టినట్టు సరిపోతోందని అనుకూల గృహాల శాఖ సగర్వంగా ప్రకటించిన రోజున, దర్జీ భార్య పోయింది. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదు. (శాఖ కూడా అదే చెప్పింది.)

ఆమెను వీధిలో అందరూ కాజాలమ్మ అనేవారు. దర్జీ గుడ్డ కత్తిరించి మిషను మీద చొక్కా కుట్టేవాడు. గుండీలు దూరే కాజాలు మాత్రం ఆమె చేత్తో కుట్టేది. మిషను కాజాకూ ఆమె కాజాకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే దర్జీ వివరించేవాడు కాదు. రెండు చొక్కాలూ చేతికిచ్చి, గుండీ పెట్టి చూసుకోమనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఒంట్లో నలతగా ఉందని ఆమె పని ఆపింది. ఒళ్ళో ఉన్న చొక్కాకు కాజాలన్నీ అయిపోయాయి, అన్నిటికన్నా కిందిది తప్ప. సూదిలో దారం ఎక్కించి, ఆ కాజా రావలసిన గుర్తు పక్కన గుచ్చి పెట్టింది. కాస్త నడుం వాల్చి లేచాక కుడతానంది.

ఆమె కూర్చునే చోట ఒక కిటికీ ఉండాలి. కథంతా ఆ కిటికీ గురించే.

దర్జీ దంపతులు కొనుక్కున్నది జేబురుమాలంత స్థలం. వీధివైపు మిషను గది, వెనక ఒక గది, దాని పక్కన వంటకు కాస్త చోటు. "గుడ్డ తక్కువుంది, చూసి కత్తిరించు" అని కాజాలమ్మ మొగుడికి చెప్పింది. పడమటి గోడకు ఒక్క కన్నం కూడా వద్దంది, మధ్యాహ్నం ఎండ గోడ దగ్గరే ఆగాలని. తూర్పున పక్కింటి గోడ అడ్డం. మిగిలింది ఉత్తరం. ఉత్తరపు వెలుతురు పొద్దస్తమానం ఒకేలా ఉంటుంది. కుట్టేవాళ్ళ చెయ్యి నీడ కుట్టు మీద పడనివ్వదు, నల్లదారాన్ని నీలంగా చూపించదు. ఆమె నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంటే దర్జీ మెడలోని టేపు తీసి నేల నుంచి మోచేతి దాకా కొలిచాడు. కిటికీ అడుగు అక్కడ రావాలి.

ఒకటే చిక్కు. ఉత్తరాన ఎదురుగా ఒక వరండా ఉంది. ఆ వరండాలో ఒక పెద్దాయన పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చుంటాడు. ఆయన్ని అందరూ వరండా బాబాయి అంటారు. దానికీ కాజాలమ్మే ఉపాయం చెప్పింది. కిటికీకి బయట, ఒక మనిషి పట్టేంత ఎడంలో, సగం ఎత్తు గోడ. ఆ గోడ మీదుగా వెలుతురు వస్తుంది, బాబాయి చూపు రాదు.

ఇంత తేలిగ్గా తేలిపోయే విషయమైతే దానికొక శాఖ ఎందుకు?

వాతావరణం, వెలుతురు, గాలి, చాటు, నివాసి అవసరాలు. వీటిని చూసి ఇళ్ళు కట్టించడం శాఖ ఆశయం. ఆశయం మంచిదే. అందుకే దాన్ని ముక్కలు చేసి విభాగానికొకటి పంచారు. వాతావరణ విభాగం లెక్క ప్రకారం వాతావరణం ఒకటే, దాని పేరు సగటు. ఎండాకాలం ఉడికి, చలికాలం వణికేవాడు ఏడాది మొత్తం మీద హాయిగా ఉన్నట్టే. ఈ విభాగం అనుమతి అడగ్గానే వస్తుంది.

గాలి విభాగం పరీక్ష మరీ తేలిక. గుమాస్తా వచ్చి ఫైలు గదిలో నేల మీద తెరిచి పెడతాడు. కాగితాలు కదిలితే గాలి ఉన్నట్టు. కాజాలమ్మ గదిలో గాలి ఎంత బాగా ఆడిందంటే, రెండు కాగితాలు కిటికీ కన్నంలోంచి సగం గోడ దాటి వెళ్ళిపోయాయి. వాటిలో ఒకటి గాలి బాగా ఆడుతోందని అప్పుడే సంతకం చేసిన కాగితం. (నకలు ఇవ్వడం కుదరదట. తర్వాతిసారి కాగితాల మీద రాయి పెట్టి పరీక్షించారు. ఏవీ కదలలేదు. గాలి ఒక మోస్తరుగా ఉందని రాశారు.)

అవసరాలు చెప్పుకోవడానికి శాఖ ఒక యాప్ పెట్టింది. పేరు 'ఇల్లు నీదే'. మీరు ఎలా కూర్చుంటారు అని యాప్ అడిగింది. కుర్చీ, సోఫా, మంచం, ఇతరం అని నాలుగు జవాబులు ఇచ్చింది. కాజాలమ్మ 'ఇతరం' నొక్కింది. యాప్ ధన్యవాదాలు చెప్పి, ఆఫీసుకు స్వయంగా రమ్మంది.

ఆఫీసు పెద్ద భవనం. అన్ని విభాగాలూ ఒకే హాల్లో ఉంటాయి. ఆ హాలుకు కిటికీలున్నాయి గానీ వాటి ముందు బీరువాలున్నాయి, అందుకని పట్టపగలు ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. అవసరాల అధికారి ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, ఇంతకీ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందమ్మా అని అడిగాడు.

"నాకేం కాదు సార్, కూర్చుంటాను. చొక్కాయే కూర్చోదు, జారిపోతుంది."

ఆయన అదే రాసుకున్నాడు. ఇంటి ఫైల్లో నివాసులు ఇద్దరు, కూర్చోని చొక్కా ఒకటి అని నమోదైంది.

ఆ తర్వాత చాటు అధికారి వచ్చాడు. లోపలివాళ్ళు బయటికి కనిపించకుండా చూడటం ఆయన ఉద్యోగం. వస్తూనే వరండా బాబాయిని విచారించాడు. తాను అటువైపు చూడనని బాబాయి చెప్పాడు. చూస్తారా అని నేనడగలేదు, చూడగలరా అని అడిగానన్నాడు అధికారి. బాబాయి కాసేపు ఆలోచించి, కళ్ళజోడు పెట్టుకుంటే చూడగలనేమోనన్నాడు. అధికారి ఆయన చేత కళ్ళజోడు పెట్టించి కుర్చీ ఇంకాస్త ముందుకు జరిపించాడు. అప్పటిదాకా ఎటూ చూడకుండా బతికిన మనిషి, శాఖవారి కోరిక మీద ఆ రోజు నుంచి అటే చూడటం మొదలుపెట్టాడు.

నియమం ప్రకారం అసలు పరీక్ష వేరే రోజు జరగాలి. నివాసి తన చోట కూర్చుని రోజూ చేసే పని చేసుకోవాలి. అధికారి వరండాలో నిలబడి చూడాలి. కనిపించకపోతే కిటికీకి చాటు ఉన్నట్టు. పరీక్షకు తేదీ ఇచ్చి, పనిలో పనిగా తనకూ ఒక చొక్కాకు కొలతలిచ్చి వెళ్ళాడు. ఈలోగా వడ్రంగి కిటికీ రెక్కలు తయారుచేసి తెచ్చాడు. అనుమతి లేనిదే బిగించకూడదు కాబట్టి వాటిని గోడకు ఆనించారు. కన్నానికి గోనెపట్టా కట్టారు. కాజాలమ్మ పొద్దున్నే పట్టా పైకి ఎత్తి కట్టుకుని, ఆ వెలుతుర్లో చాటు అధికారి చొక్కాకే కాజాలు కుడుతూ కూర్చుంది. ఒక్క కాజా మిగిలి, ఆమె పని ఆ చొక్కా దగ్గరే ఆగింది.

పరీక్ష రోజున అధికారి చెప్పిన వేళకు వచ్చాడు. గుమ్మంలోనే విషయం తెలిసింది. చెప్పులు బయట విప్పి, చేతిలో ఫైలు కింద పెట్టాడు. మంచి మనిషి అన్నాడు. ఆ మాట ఫైల్లో ఎక్కడా లేదు, ఆయన సొంతమే. తర్వాత ఫైలు తీసుకున్నాడు.

కాజాలమ్మ చెల్లెలు అప్పటికి బావగారింట్లోనే ఉంది, వంటా వార్పూ లేని ఇంట్లో మనిషి తిండి మానేస్తాడని. ఆవిడ సూటిగా అడిగేసింది. అక్కే లేనప్పుడు ఆవిడ అవసరం కొట్టేయండి, ఇటుకలు పెట్టి మూసేస్తాం, బావకు ఇంటి అనుమతి కాగితం వచ్చేస్తుంది. దర్జీ పనిచేసేది వీధివైపు గదిలో. ఈ కిటికీతో అతనికేం పని?

అవసరాన్ని రద్దు చేసుకునే హక్కు ఆ అవసరం ఉన్నవాళ్ళకు మాత్రమే ఉంటుందని అధికారి వివరించాడు. ఆవిడ స్వయంగా వచ్చి వద్దని సంతకం చేయాలి. లేకపోతే అవసరం అలాగే ఉంటుంది.

దర్జీ ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు.

"ఉండనివ్వండి సార్. ఉంది కదా."

"అయితే పరీక్ష జరగాలయ్యా. తేదీ పడిపోయింది."

పోనీ అక్క చోట నేను కూర్చుంటాను, ఇద్దరం ఒకే ఎత్తు అంది చెల్లెలు. చాటు ఒకరి బదులు ఇంకొకరికి చూసేది కాదన్నాడు అధికారి. ఆవిడకు ఒళ్ళు మండింది.

"మరి ఎవర్ని చూస్తారండీ అక్కడ నిలబడి?"

అలాంటి ప్రశ్న నియమాల్లో లేదు కాబట్టి ఆయన బయటికి నడిచాడు. ఇల్లు చుట్టి వెనక్కి వెళ్ళి వరండా ఎక్కాడు. బాబాయి లేచి పక్కకు జరిగాడు. దర్జీ వెనక గదిలోకి వెళ్ళి గోనెపట్టా పైకి ఎత్తి కట్టాడు, ఆమె కట్టే ముడే వేసి. తను పక్కకు తప్పుకున్నాడు. గోడ పక్కన ఆమె కూర్చునే చాప మీద వెలుతురు పడింది.

అధికారి నిలబడి చూశాడు. వంగి చూశాడు. బాబాయి కుర్చీలో కూర్చుని కూడా చూశాడు. చివరికి బాబాయిని కళ్ళజోడు పెట్టుకుని చూడమన్నాడు.

"కనిపిస్తోందా?"

"లేదండీ."

"ఇదివరకు?"

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెయ్యి కనిపించేది. దారం పొడుగ్గా లాగినప్పుడు ఆ గోడ మీదికి లేచేది, మళ్ళీ దిగేది. అంతే. నేనేం చూసేవాణ్ణి కాదు."

ఇదివరకటిది పరీక్షలోకి రాదు కాబట్టి అధికారి దాన్ని రాసుకోలేదు. రాసుకున్నది ఇది: "నివాసి తన చోట ఏ వైపు నుంచీ ఎవరికీ కనిపించలేదు. చాటు సంపూర్ణం." శాఖ చరిత్రలో 'సంపూర్ణం' అన్న మాట వాడటం అదే మొదటిసారి. (ఆ ఫైలును కొత్తగా చేరిన ఉద్యోగులకు నమూనాగా చూపిస్తున్నారు.)

చాటు పాసైతే మిగిలేది వెలుతురు ఒక్కటే. వెలుతురు అధికారి చిన్నవాడు, చదువుకున్నవాడు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసేవాడు. కుట్టుపని ఇంటికి పరీక్ష సూదిలో దారం ఎక్కించడం. నివాసి సొంత సూది కావాలన్నాడు. దర్జీ చొక్కా తెచ్చి చాప మీద పెట్టాడు. సూది గుచ్చినచోటే ఉంది. అందులో దారమూ ఉంది.

ఈ దారం ముందే ఎక్కించి ఉంది, నా ముందు ఎక్కాలి అన్నాడు అధికారి. చెల్లెలు ముందుకు వంగింది.

"బావా, తీసేసి మళ్ళీ ఎక్కించనా? నిమిషం పని."

"ముట్టుకోకు."

గట్టిగా అనలేదు. అయినా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. వేరే సూది ఉందా అని అడగొచ్చని అధికారికి తోచలేదు, లేదా తోచినా అడగలేదు. పుస్తకంలో చోటు వెతికి రాశాడు: "సూదిలో దారం ఉంది. వెలుతురు వల్ల ఎక్కిందా లేదా అన్నది తేలలేదు."

తేలనప్పుడు మిగతా విభాగాల కాగితాలు చూడాలని నియమం. ఆఫీసుకు వెళ్ళి ట్యూబులైటు కింద చాటు విభాగం కాగితం తీసి చదివాడు. నివాసి ఏ వైపు నుంచీ ఎవరికీ కనిపించలేదు. మనిషి కనిపించలేదంటే కారణం ఒకటే ఉండాలి. వెలుతురు చాలదు అని రాసి సంతకం చేశాడు.

ఒకే ఫైల్లో ఒక విభాగం కిటికీని సంపూర్ణమంది, ఇంకొకటి పనికిరాదంది. ఇద్దరూ ఎదురెదురు బల్లల దగ్గరే కూర్చుంటారు గానీ మధ్యలో బీరువా ఉంది. విషయం సమన్వయ సంఘానికి వెళ్ళింది. సంఘంలో సభ్యులు ఇద్దరు, ఆ ఇద్దరే. (వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించాల్సిన అధ్యక్షుడు ఇంకా నియమితుడు కాలేదు.) ఈలోపల దర్జీకి ఉత్తర్వు వచ్చింది. అభిప్రాయాలు కలిసేదాకా సదరు కన్నాన్ని మూయరాదు, రెక్కలు బిగించరాదు, నివాసి అవసరానికి భంగం కలగనివ్వరాదు.

చెల్లెలు ఉత్తర్వు రెండుసార్లు చదివి, ఇందులో ఒక్కటైనా చేయమని ఉందా బావా అని అడిగింది. దర్జీ చివరి మాట చూపించాడు. అది చేయగలిగిందేనన్నాడు. రోజూ పొద్దున్నే గోనెపట్టా ఎత్తి కట్టడం, దీపాలు పెట్టే వేళకు దించడం అప్పటి నుంచీ అతని పనే. వరండా బాబాయి కుర్చీ తిప్పేసుకుని, ఇప్పుడు తన ఇంటి గోడకేసి కూర్చుంటున్నాడు.

కొన్నాళ్ళకు చాటు అధికారి మిషను గది గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫైలు లేదు. కిటికీ సంగతి సంఘం చూస్తోందని, తన చేతిలో ఏమీ లేదని ముందే చెప్పేశాడు. కాస్త తటపటాయించి చొక్కా సంగతి అడిగాడు. ఇంట్లో శుభకార్యం ఉందట.

దర్జీ మిషను ఆపాడు.

"అయిపోయినట్టే సార్. ఒక్క కాజా ఉంది. కుట్టాల్సిన మనిషి ఏ వైపు నుంచీ కనిపించడం లేదు. మీరే కదా రాసిచ్చారు."

అధికారి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

చొక్కా చాప మీదే ఉంది. సూది గుచ్చినచోటే ఉంది. కింది కాజా ఇంకా కుట్టలేదు.