మొహం మీద మాత్రం వద్దు

ఆదివారం ఉదయం తల్లి పెట్టుకున్న పని ఒక్కటే. ఇంట్లో కర్టెన్లన్నీ విప్పి ఉతకాలి. కూతురి పెళ్లి మూడు వారాల్లోకి వచ్చేసింది, వియ్యాలవారు వచ్చేసరికి కిటికీలైనా శుభ్రంగా కనపడాలని ఆవిడ పట్టుదల. కూతురిది బక్క ప్రాణం, అందుకే ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ఆ పిచ్చుక స్టూలెక్కి కర్టెన్ల కొక్కేలు విప్పుతుంటే చొక్కా చెయ్యి భుజం దాకా జారింది. జబ్బ మీద ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు కమిలిన గుర్తులు. కొన్ని నల్లగా, కొన్ని పాతబడి పచ్చగా ఉన్నాయి.

"ఏంటే అది?"

"తలుపు తగిలిందమ్మా."

"తలుపుకి వేళ్లుంటాయా?"

పిచ్చుక విప్పిన కర్టెన్ తల్లి చేతికిచ్చింది. గడియారం చూసి స్టూలు దిగింది, సంచీ భుజాన వేసుకుంది. "బ్యాంకు అబ్బాయి పార్కులో ఎదురుచూస్తుంటాడమ్మా" అని చెప్పులేసుకుంది. సంబంధం కుదిరిన మూడు నెలల నుంచీ ప్రతి ఆదివారం ఇదే మాట. కాబోయే మొగుడితో తిరిగి వస్తానంటే ఎవరు కాదంటారు?

అది పచ్చి అబద్ధమని తల్లికి తెలియదు గాని, మనకు తెలిస్తే నష్టం లేదు. పిచ్చుక నాలుగేళ్లుగా జూడో నేర్చుకుంటోంది. ఆ రోజు పదకొండింటికి నల్ల బెల్టు పరీక్ష. నెగ్గితే ఒక బాలికల బడిలో శిక్షకురాలి ఉద్యోగం ఖాయం. బడివాళ్లు నెలాఖరు దాకా ఆగుతామన్నారు, ఆ తర్వాత ఇంకొకరిని చూసుకుంటారు. చేతిలో ఉద్యోగం పడ్డాక ఇంట్లో నోరు విప్పుదామని ఆ పిల్ల ఆలోచన. అంతవరకు తలుపులే తగలాలి.

తల్లి మాత్రం విప్పిన కర్టెన్ చేతిలో పట్టుకుని అలాగే కూలబడింది. ప్రతి ఆదివారం వాడితో వెళ్తోంది, ప్రతి వారం కొత్త గుర్తు వస్తోంది. రెండూ రెండూ నాలుగు. కర్టెన్ అక్కడే పడేసి మొగుడి దగ్గరికి పరుగెత్తింది.

తండ్రి గడియారాలు బాగుచేస్తాడు. ముందుగదిలో కంటికి భూతద్దం బిగించుకుని ఏదో చిన్న చక్రం ఎత్తుతున్నవాడు, విషయం విని చక్రం జారవిడిచాడు.

"చూడ్డానికి నోట్లో నాలుకలేనట్టు ఉంటాడే! వాడా?"

మూల మంచం మీది నానమ్మ అందుకుంది. "మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడవాలన్నారు. దీనికి తోడికోడలే లేదు. ఇంకేం కావాలి?"

"ఇంకా మొగుడు కూడా కాలేదత్తయ్యా!"

"మూడు వారాలేగా."

పెళ్లి మానుకుందామన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. హాలు మాట్లాడారు, పత్రికలు పంచారు, ఫొటోగ్రాఫరు పెద్ద ఆల్బం చేస్తానన్నాడు. ఫొటోలన్న మాట తలపుకొచ్చేసరికి తల్లికి ఒక ఉపాయం తట్టింది. అది తనకే ఎందుకు తట్టిందని తర్వాత ఆవిడ చాలాసార్లు తనను తాను తిట్టుకుంది. ఆ క్షణాన మాత్రం అది చాలా తెలివైన ఉపాయంలాగే కనపడింది.

గంటలో భార్యాభర్తలిద్దరూ వియ్యాలవారింట్లో కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. వియ్యంకుడు పేపరు మడవలేదు, కాస్త దించాడంతే. వియ్యపురాలు మంచినీళ్లు తెచ్చింది. అంత ఉక్కలోనూ ఆవిడ జాకెట్టు చేతులు మణికట్ల దాకా ఉన్నాయి. పద్ధతి గల మనిషి అని తల్లి ఎప్పుడూ మెచ్చుకునేది.

"ఏమీ అనుకోకండి వదినగారూ" అంది తల్లి. "కుర్రాళ్లన్నాక కోపాలుంటాయి. కాదనం. పెళ్లి ఫొటోలయ్యేదాకా మొహం మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దని అబ్బాయితో ఒక్క మాట..."

వియ్యపురాలు ఆశ్చర్యపోలేదు. ఎవరని గాని, ఎందుకని గాని అడగలేదు. "ఫర్వాలేదు వదినగారూ, మా వంశంలో మొహం జోలికి రారు" అంది, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా. "మీ అన్నయ్యగారు ముప్పయ్యేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు."

వియ్యంకుడు తనను మెచ్చుకున్నట్టు తలూపాడు. "కొత్తలో హద్దు తెలీదు బావగారూ. నేను చెప్తాలెండి."

అంతలో బ్యాంకు అబ్బాయి సగం గడ్డం గీసుకుని, రెండో చెంప నిండా నురగతో వచ్చాడు. బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కే మనిషి. విషయం విని బ్లేడు కింద పడేశాడు.

"నేనా? కొట్టానా? అసలు నేను ఆ అమ్మాయిని చూసి మూడు నెలలైంది! ఆదివారాలు మీరు గడప దాటనివ్వరని చెప్పిందే!"

ఇంతవరకు అది కుటుంబ విషయం. కాబోయే మొగుడు కొడితే సర్దుకోవచ్చు. పరాయివాడెవడో కొడుతున్నాడంటే పరువుండదు. పేపరు ఇప్పుడు మడతపడింది.

"ఎవడు వాడు?" అన్నాడు వియ్యంకుడు.

తల్లికి చప్పున ఆమధ్య పెరట్లో తీగమీద ఆరేసిన తెల్ల కోటు గుర్తొచ్చింది. దళసరిగా, మగవాళ్ల కోటులా ఉండేది. స్నేహితురాలి అన్నయ్యదని, ఉతికి ఇస్తానని మాటిచ్చానని పిచ్చుక చెప్పింది. చిరిగిన మెడపట్టీ కుట్టింది తల్లే. లోపలివైపు ఏదో వ్యాయామశాల పేరు, వీధి పేరు అచ్చువేసి ఉండటం చూసింది కూడా. ఎవడిదో కోటు తన చేత్తోనే కుట్టిపెట్టానని ఇప్పుడు అందరి ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది.

అయిదుగురూ బయల్దేరారు. బ్యాంకు అబ్బాయి రెండో చెంప గీసుకోవడానికి కూడా తండ్రి ఒప్పుకోలేదు.

వ్యాయామశాల టైర్ల గోడౌను మీద ఉంది. మెట్లెక్కేసరికి పెద్ద అద్దాల తలుపు కనిపించింది. లోపల దళసరి పరుపుల మీద, ఒక ఆరడుగుల మనిషి పిచ్చుక కాలరు రెండు చేతులా పట్టుకుని గుంజుతున్నాడు. చుట్టూ పదిమంది కూర్చుని చూస్తున్నారు తప్ప ఒక్కడూ అడ్డుపడటం లేదు.

"అమ్మో, నా పిల్ల!" అంది తల్లి. ఆవిడ నిజంగా పిల్ల కోసమే ఏడ్చింది ఆ రోజులో అప్పుడు ఒక్కసారే.

"మగాడివైతే వెళ్లరా!" అని వియ్యంకుడు కొడుకును లోపలికి తోశాడు.

అది ఆఖరి పట్టు. ఆ మనిషిని పడేస్తే పరీక్ష అయిపోయినట్టే. పిచ్చుక అడుగు మార్చి, నడుము తిప్పబోతోంది. అప్పుడే వెనకనుంచి ఎవరిదో చెయ్యి భుజం మీద పడింది. వెనకనుంచి చెయ్యి పడితే ఏం చెయ్యాలో ఆమెకు నాలుగేళ్లుగా నేర్పారు. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? బ్యాంకు అబ్బాయి బూట్లతో సహా గాల్లో ఒక చుట్టు తిరిగి, పరుపు మీద వెల్లకిలా పడ్డాడు. నురగ చెంప పైకి ఉంది.

వియ్యంకుడు గబుక్కున భార్య వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. వియ్యపురాలు మెడ తిప్పి ఆయనవైపు చూసింది. ఆయన భయపడగా చూడటం ఆవిడకు అదే మొదలు. చాలాసేపు అలాగే చూసింది.

"మావాణ్ని కొట్టింది! ఆడపిల్ల మగాణ్ని కొట్టడమా?" అని భార్య భుజం మీదుగా అరిచాడు వియ్యంకుడు. "కొట్టే పిల్ల మాకొద్దు!"

తండ్రి చేతులు జోడించాడు. "తప్పయిపోయింది బావగారూ." పరుగెత్తుకొచ్చిన జూడో మాస్టారు ఇది పరీక్ష అని చెప్పగానే ఆయన మీద పడ్డాడు. "ఎవర్నడిగి నేర్పించారయ్యా దీనికి?"

మాస్టారు శాంతంగా ఫైలు తెచ్చాడు. "ఆడవాళ్లు చేరాలంటే ఇంటివాళ్ల సంతకం ఉండాలండీ. మీరే పెట్టారుగా." తండ్రి తన సంతకం కేసి చూశాడు. ఆయన పెట్టేదానికంటే అది అందంగా ఉంది.

"మరి మగపిల్లలకి?" అంది తల్లి.

"వాళ్లకి అక్కర్లేదండీ."

పరీక్షాధికారి కలం మూత పెట్టాడు. పరీక్షలో లేని మనిషిని పడేస్తే పరీక్ష రద్దని, మళ్లీ ఏడాది తర్వాతేనని చెప్పాడు. పిచ్చుక నడుముకున్న బెల్టు విప్పి పరుపు మీద పెట్టింది.

"ఎందుకొచ్చారమ్మా ఇక్కడికి?"

పరుపు మీదినుంచి బ్యాంకు అబ్బాయి మూలుగుతూ చెప్పాడు. "నేను నిన్ను కొడుతున్నాననుకున్నారు. ఫొటోలయ్యేదాకా మొహం మీద కొట్టొద్దని చెప్పడానికి మా ఇంటికొచ్చారు."

పిచ్చుక తల్లికేసి చూసింది. ఏమీ అనలేదు. అన్నా బాగుండేదని తల్లికి ఈనాటికీ అనిపిస్తుంది.

సంబంధం ఆ సాయంత్రమే చెడింది. నెలాఖరుకు బడివాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు. పిచ్చుక తలుపు వేసుకుని గదిలో కూర్చుంది. తల్లి ప్రతిపూటా కంచం తెచ్చి గడప ముందు పెట్టేది, కాసేపు నిలబడి వెళ్లిపోయేది. కర్టెన్లు ఉతకడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఒక ఆదివారం తండ్రి భార్యను పిలిచి, "వెళ్లి ఆ మాస్టారి పుస్తకంలో దాని పేరు తీసేయించిరా. నేనా మెట్లెక్కలేను" అన్నాడు.

తల్లి వెళ్లింది. మాస్టారి బల్ల ముందు అప్పటికే ఒకావిడ కూర్చుని ఫారం నింపుతోంది. జాకెట్టు చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. ఆ చేతులు చూశాకే, తను ఇన్నాళ్లూ మెచ్చుకున్న పద్ధతేమిటో తల్లికి అర్థమైంది. వచ్చిన పని ఆవిడకు మళ్లీ గుర్తు రాలేదు.

"వదినగారూ!"

"రండి వదినగారూ, సమయానికొచ్చారు" అంది కాకుండా పోయిన వియ్యపురాలు, కలం ఆవిడ చేతికిస్తూ. "ఇంటివాళ్ల సంతకం కావాలిట. మా ఇంట్లో అడగలేను."

తల్లి సంతకం పెట్టింది. 'ఏమవుతారు' అన్న చోట కొంచెం ఆలోచించి, 'వదిన' అని రాసింది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఈ వయసులో కష్టమండీ. మొదటి తరగతిలో ఆరు నెలలూ దెబ్బ తగలకుండా కిందపడటం ఒక్కటే నేర్పుతాం."

"అది ముప్పయ్యేళ్ల నుంచీ చేస్తున్నాను బాబూ" అంది ఆవిడ. "ఆ తర్వాతది చెప్పండి."

మాస్టారు ఆవిడను రెండో తరగతిలో చేర్చుకున్నాడు.