పాతచీరల ఆడమనిషి

ఆ ఉదయం మాధవీలత వేసుకున్న పథకం చిన్నదే. బొంతను గంటసేపు ఎండలో వేసి, మడిచి, పదకొండింటి బస్సుకు భర్త నాగేంద్రబాబు చేత రాయచూరు పంపాలి. అక్కడ చేతిపనుల ప్రదర్శనకు వస్తువులు తీసుకునే ఆఖరి రోజు అదే. బొంతేమో నాలుగు నెలల కుట్టు.

దాని నిండా పాత చీరల ముక్కలు అతికి కుట్టిన ఒకే ఒక ఆడమనిషి ఒళ్లు, భుజాల నుంచి పాదాల దాకా. సన్నగా లేదు, పడుచుగానూ లేదు. పొట్ట మీద రెండు మడతలు, వాటి కింద కాన్పు ఆపరేషన్ గాటు, నాట్లలో నాని పగిలిన మడమలు. పనిచేసి, పిల్లల్ని కన్న ఒళ్లు ఎలా ఉంటుందో అలాగే అందంగా ఉంటుందని మాధవీలత నమ్మకం. ఆ నమ్మకాన్ని పెరటి తీగ మీద ఆరేసి ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఎండ బాగా తగులుతుందని వీధి ప్రహరీ మీద వేసింది.

ఆంధ్ర నుంచి వలసొచ్చిన రైతులు తుర్విహాళ దగ్గర కట్టుకున్న ఆ క్యాంపులో ముప్పై ఇళ్లు. ఏ పెళ్లికి ఎవరు ఏ చీర కట్టారో అందరికీ గుర్తే. బొంతకు పాత చీరలిచ్చిందీ వాళ్లే.

పక్కింటి పావని పాలచెంబుతో ఆగిపోయింది. "వదినా, ఆ తుంటి నా ఉల్లిపొర రంగు చీరేనా?"

"అవును. ఎంత బాగా కుదిరిందో చూడు."

"మా మరిది పెళ్లికి అది కట్టుకుని రెండు పూటలూ వడ్డించాను. క్యాంపంతా నన్ను వెనకనుంచే చూసింది. ఇక అది ఎవరి తుంటో ఒకళ్లు చెప్పాలా?"

"గుడ్డ నీది పావనీ, తుంటి నీది కాదు."

"మరి అంత వెడల్పెందుకు పెట్టావు? రెండంగుళాలు తీసెయ్. లేకపోతే నా చీర నాకిచ్చెయ్."

చీర పీకితే మనిషి నడుం దగ్గర రెండుగా విడిపోతుంది. మాధవీలత కత్తెర తీసుకుని రెండంగుళాలూ తగ్గించింది. పావని తృప్తిపడి, నేరుగా వెళ్లి మాధవీలత పెద్ద తోడికోడలు కుసుమకు కబురు చెప్పింది.

"నా గద్వాల చీర నీకు పొట్టకే దొరికిందా మాధవీ?" అంటూనే కుసుమ గేటు తీసింది, వెనకే పావని. "పైగా ఆపరేషన్ గాటొకటి."

"ఆ గాటు నాది అక్కా."

"నీ గాటు నా చీర మీద ఎందుకుంది?"

మాధవీలత మళ్లీ కత్తెర తీసుకుంది. మడతలు పోయాయి, గాటు మీద గుడ్డముక్క పడింది. పొట్ట తగ్గేసరికి తొడలు స్తంభాల్లా కనిపించి వాటినీ తగ్గించవలసి వచ్చింది. పదిన్నరకు గోడ మీద ఒక సన్నని గీత మిగిలింది.

మాధవీలతకు కుట్టు నేర్పిన ఉలిగెమ్మ అప్పుడే వచ్చింది. ఊళ్లల్లో కౌదులు, అంటే బొంతలు, కుట్టడమే ఆమె పని. "ఏందక్కా గిట్లయింది? మొన్న మంచిగుండె. జరమొచ్చిందా ఆమెకు?"

"పంపనులే ఉలిగెమ్మా. ఇది మనిషి కాదు, చీరలు తగిలించే కొక్కెం," అని మాధవీలత కళ్లు తుడుచుకుని జరిగింది చెప్పింది.

"గింతేనా? ఆళ్లకొద్దంటే పొట్టకూ తుంటికీ నా చీర పెట్టు. ఐదుగుర్ని మోసిన ఒళ్లు నాది. రాయచూరోళ్లు జర మంచి ఒళ్లు సూడనీ." ఉలిగెమ్మ సంచిలోంచి పాత ఇల్కల్ చీర తీసి పరిచింది.

కుసుమ ఆ చీర వంకా, పొట్ట వంకా చూసింది. "ఆగు. అక్కడున్నది నా చీర."

"నీకొద్దంటివి గదమ్మా."

"మడతలు వద్దన్నాను, చీర వద్దన్నానా? నేనూ ముగ్గుర్ని కన్నాను. సూదివ్వు మాధవీ."

పావని అప్పటికే దారం ఎక్కించుకుని కూర్చుంది. ఉలిగెమ్మ బొంతను బిగించి పట్టుకుంది. ఇరవై నిమిషాల్లో మనిషి మళ్లీ ఒళ్లు చేసింది. కుసుమ రెండు మడతలూ తిరిగి పెట్టి, "నిజానికి మూడు," అంటూ మూడోది కూడా కుట్టింది. గాటు మీది గుడ్డ తనే తీసేసింది. పావని తన రెండంగుళాలూ వెనక్కిచ్చి, గుడ్డ మిగిలిందని ఇంకో అంగుళం కలిపింది.

నాగేంద్రబాబు బస్సు అందుకున్నాడు. ప్రదర్శనలో ఎవరో, ఈ బొమ్మకు మోడల్‌గా కూర్చున్నది ఎవరండీ అని అడిగారట. అతను పేర్లేమీ చెప్పలేదు. భోజనానికి మళ్లీ ఈ క్యాంపుకే రావాలి కదా.