గల్లంతైన మూడు వందల పన్నెండో అభిమాని

పరదేశంలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడడానికి వచ్చే ప్రతి మనిషీ టికెట్ కొన్న క్షణం నుంచే అనుమానితుడు. వాల్డోర్నా నగరంలోని అతిథి అభిమానుల అదుపు విభాగం వారి మొదటి నిబంధన ఇది. మొదటిదాన్ని అతిథులకు చెప్పకూడదన్నది రెండోది. (పాపం, నొచ్చుకుంటారని.)

ఈ నిబంధనలకు చిక్కినవాడు మన క్లెమెంట్ ఆగ్డెన్. ఉత్తర ఇంగ్లండులో థార్న్‌షా అనే మిల్లుల ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. వయసు డెబ్బై ఒకటి, డాక్టర్లు మార్చిన ఎడమ మోకాలికి మాత్రం రెండేళ్ళే. థార్న్‌షా జట్టు ఏ ఊళ్ళో ఆడినా, వాన అయినా మంచు అయినా, అతనూ భార్య ఎనిడూ యాభై ఏళ్ళు జంటగా వెళ్ళి చూశారు. పరాయి దేశంలో మనవాళ్ళు ఒక్క గోలు కొడితే చూసి పోవాలని ఎనిడ్ కోరిక. జట్టు చివరికి విదేశీ పోటీకి అర్హత సంపాదించింది గానీ, ఎనిడ్ మార్చి నెలలోనే పోయింది.

ఆగస్టులో టికెట్లు అమ్మకానికి పెట్టినప్పుడు క్లెమెంట్ రెండు కొన్నాడు. మతిమరుపు కాదు. ఒక్కటే కావాలని నొక్కడానికి అతని వేలు కదల్లేదు, అంతే. పక్క సీటులో ఆవిడ అల్లుకున్న ఎర్ర మఫ్లర్ పెట్టి, ఆ గోలేదో ఇద్దరి తరఫునా చూసి రావాలనుకున్నాడు.

మ్యాచ్ మూడు గంటలకు. పదకొండుకే థార్న్‌షా అభిమానులందరినీ స్టేడియానికి ఇరవై కిలోమీటర్ల దూరాన ఒక కూరగాయల మార్కెట్ వెనక దించారు. వచ్చినవాళ్ళ సగటు వయసు అరవై మూడు. వీళ్ళ కోసం నాలుగు వందల మంది పోలీసులు, పదహారు గుర్రాలు, ఆరు కుక్కలు, ఒక హెలికాప్టర్ సిద్ధంగా ఉన్నాయి. (అందరిలోకీ గుర్రాలే కాస్త మర్యాదగా నడుచుకున్నాయి.) క్లెమెంట్ పొరుగింటి మేవిస్, పంది మాంసం కూరి కాల్చిన పైలు డబ్బానిండా తెచ్చింది. అవి విసరదగిన వస్తువుల కిందికి వస్తాయని ఒక పోలీసు ఒక్కొక్కటే తూచాడు.

"విసిరేదాన్నయితే ఇంత కొవ్వు వేసి చేస్తానా నాయనా? తిని చూడు," అంది మేవిస్.

తిన్నాడు. ఆ తర్వాత మిగతావాటిని కూడా లోతుగా పరిశీలించాలన్నాడు.

అసలు చిక్కు లెక్క దగ్గర వచ్చింది. టికెట్లు మూడు వందల పన్నెండు, తలలు మూడు వందల పదకొండు. లెక్కింపు అధికారి కెప్టెన్ ఓస్టరిన్ మూడుసార్లు లెక్కపెట్టాడు. పద్నాలుగో నిబంధన ప్రకారం, లెక్క కుదిరేదాకా ఒక్క కాలు కూడా కదలకూడదు. గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. తన మూలాన ఊరి జనమంతా మ్యాచ్ పోగొట్టుకుంటారేమోనని క్లెమెంట్ చెయ్యెత్తాడు.

"ఎనిడ్ ఆగ్డెన్ ఎక్కడ?" కెప్టెన్ అడిగాడు.

"పోయింది బాబూ. మార్చిలో."

కెప్టెన్ కాగితం తిరగేశాడు. "ఆవిడ పేరు మీద టికెట్ ఆగస్టులో కొన్నారే?"

"నేనే కొన్నాను. యాభై ఏళ్ళుగా రెండే కొంటున్నాను. ఒకటి కొనడం నాకు చేతకాలేదు."

కెప్టెన్ చెడ్డవాడేమీ కాదు. టోపీ తీశాడు కూడా. కానీ అతని చేతిలోని పత్రంలో ఉన్నవి రెండే గళ్ళు: 'వచ్చారు', 'తప్పించుకున్నారు'. పోయినవాళ్ళకు గడి లేదు. బాగా ఆలోచించి రెండో గడిలో టిక్కు పెట్టాడు.

దాంతో హెలికాప్టర్ లేచింది. అయిదడుగుల ఎత్తు, అరవై తొమ్మిదేళ్ళ వయసు, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు గల ఇంగ్లీషు మహిళ నగరంలో స్వేచ్ఛగా తిరుగుతోందని అన్ని ఠాణాలకూ కబురెళ్ళింది. మార్కెట్లో ఉల్లికాడలు బేరమాడుతున్న ఒక ముసలావిడను పట్టుకొచ్చారు. ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఎంత పకడ్బందీ మారువేషమో అని అధికారులు మెచ్చుకున్నారు.

మూడయింది. ఎక్కడో మ్యాచ్ మొదలైంది. క్లెమెంట్‌కు అవమానంతో చచ్చినంత పనయింది. మేవిస్ అతని చెయ్యి పట్టుకుని, ఎనిడ్ ఉంటే ఈపాటికి ఈ కెప్టెన్ చెవులు పిండి ఉండేదని ఊరడించింది.

చివరి అస్త్రంగా ఆరు కుక్కల్లో ఒకదాన్ని రప్పించారు. ఎనిడ్ మఫ్లర్ వాసన చూపించి వదిలితే, అది మార్కెట్ వంక తిరిగైనా చూడలేదు. నేరుగా వచ్చి క్లెమెంట్ పాదాల మీద కూర్చుంది. లాగినా లేవలేదు. ఇరవై రెండో నిబంధన ప్రకారం కుక్క నిర్ధారించినదాన్ని ఏ అధికారీ కాదనడానికి వీల్లేదు. ఆ నిబంధన ఇంత తీయగా ఉంటుందని కెప్టెన్‌కు అంతకుముందు తెలియదు. ఎనిడ్ పేరు ఎదుట 'తప్పించుకున్నారు' కొట్టేసి, 'వచ్చారు' గడిలో టిక్కు పెట్టాడు.

గుర్రాల నడుమ నడిపించుకుంటూ, బస్సులు ఎక్కించి, దించి, మళ్ళీ లెక్కపెట్టి లోపలికి పంపేసరికి ఎనభై ఎనిమిదో నిమిషం. థార్న్‌షా నలభయ్యో నిమిషంలోనే గోలు కొట్టేసింది. ఆ తర్వాత అవతలివాళ్ళు మూడు కొట్టారు. ఈల ఊదాక భద్రత కోసం అతిథులను రెండు గంటలు కూర్చున్నచోటే కూర్చోబెట్టారు. ఖాళీ మైదానంలో మాలి గడ్డి సరిచేస్తుంటే అందరూ చూశారు.

క్లెమెంట్ పక్క సీటులో మఫ్లర్ పరిచాడు.

"మేం చూళ్ళేదే ఎనిడ్," అన్నాడు. "నువ్వు తప్పించుకున్నావుగా. ముందే లోపలికొచ్చి చూసే ఉంటావులే."

నెల తిరిగేసరికి విభాగం వారి నివేదిక థార్న్‌షాకు చేరింది. మూడు వందల పదకొండు మంది ఓపిక లేనివారు, ప్రశ్నలడిగేవారు, పదేపదే మరుగుదొడ్డి కోరినవారు అని అందులో ఉంది. సీటులోంచి లేవని, అరవని, ఏమీ అడగని ఆదర్శ అభిమాని ఒక్కరే కనిపించారట. ఇకమీదట థార్న్‌షా అభిమానులందరూ శ్రీమతి ఎనిడ్ ఆగ్డెన్ వచ్చిన స్థితిలోనే రావాలని విభాగం సిఫార్సు చేసింది.