బూటులో బుడగలు

"బావమరిదీ, ఈ లోకంలో మనుషులు రెండే రకాలు. నేరం చేసేవాళ్ళు, నాకు దొరికిపోయేవాళ్ళు!"

"రెండూ ఒకళ్ళే కదా బావా?"

"చూశావా! నా గాలి సోకి నీ బుర్ర కూడా పదునెక్కుతోంది."

మా బావ కళ్ళజోళ్ళ వ్యాపారి. ఇంటి ముందుగదిలోనే దుకాణం. వచ్చినవాళ్ళకి అద్దాలు అమ్మడం ఆయన ఉద్యోగం, వాళ్ళ బూట్ల మట్టి చూసి జాతకం చెప్పడం ఆయన జబ్బు. ఊళ్ళో అందరూ భూతద్దం అంటారు. వెక్కిరింపని తెలియక ఆయన ఆ పేరు బోర్డు మీద కూడా రాయించుకున్నాడు. కిందటేడు ఆయన కళ్ళజోడు పోతే పక్కింటి టైలరు మీద కేసు పెట్టబోయాడు. కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉంది. "దొంగ భయపడి తిరిగి పెట్టేశాడు" అని ఆ కేసు మూసేశాడు. ఇలాంటి మనిషికి అసిస్టెంటుని నేను. అక్క మొగుడు కాబట్టి రాజీనామాకి వీల్లేదు.

ఈసారి కేసు మాత్రం మా అక్కది. అందుకే నాకు నవ్వు రాలేదు.

అక్క సోడా ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, పెరటి షెడ్డులో సోడాలా బుడగలు పొంగే స్పార్క్లింగ్ వైన్ తయారుచేయడం మొదలుపెట్టింది. మానేసిన రోజున సూపర్‌వైజరు, "నీ కుర్చీ తుడిచి ఉంచుతాలే, ఎలాగూ తిరిగొస్తావు" అన్నాడట. ఆ మాట అక్కకి ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఇప్పుడు ఓ పెద్ద హోటల్ తరఫున వైన్లు ఎంచే ఆవిడ రుచి చూడడానికి వస్తోంది. నచ్చితే అక్క దగ్గరే తీసుకుంటారు. నచ్చకపోతే ఆ తుడిచిన కుర్చీయే గతి.

కాని వైన్ తేటపడడం లేదు.

"బుడగలు బయటినుంచి ఎక్కించేవి కావురా" అని అక్క నాకు ముందే చెప్పింది. "సీసాలోనే ఈస్టు, కాస్త చక్కెర వేసి మూత బిగిస్తాం. ఈస్టు చక్కెర తింటుంది, గ్యాసు వదులుతుంది. పని అయ్యాక మడ్డిగా మిగులుతుంది. ఆ మడ్డి మూతి దగ్గరికి దిగాలని సీసాల్ని ఈ చిల్లుల చెక్కలో తలకిందులుగా పెట్టి, రోజూ ఇంత తిప్పుతాను. ఎంత తిప్పానో తెలియాలని అడుగున సుద్దగీత గీస్తాను."

"మరి ఏమైంది?"

"సాయంత్రం నేను తిప్పి వెళతానా, పొద్దున వచ్చేసరికి గీతలన్నీ నిటారుగా పైకే చూస్తుంటాయి, డ్రిల్లు మాస్టారు వరసలో నిలబెట్టినట్టు! మడ్డి ఎక్కడిదక్కడే. ఎవరో కావాలని కెలుకుతున్నారురా."

వెనకనుంచి బావ చప్పట్లు కొట్టాడు. "నిటారు గీతలు! ఇది సంకేతం! రక్తం గడ్డకట్టించే అంతర్జాతీయ సోడా ముఠా నా పెరట్లో అడుగుపెట్టింది!"

"ఏవండీ, మీరు ఇందులో దూరకండి, మీకు దండం పెడతాను."

"దూరాను కూడా! నెల కిందటే, నువ్వు సణగడం మొదలెట్టినప్పుడే, ఓ సీసాని సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నాను."

"అంటే లెక్కలో తగ్గిన సీసా మీరు తీశారా! ఎక్కడ పెట్టారు?"

"అది రహస్యం" అన్నాడు బావ ఠీవిగా. నాకు మాత్రం చెవిలో చెప్పాడు. దుకాణంలో ఆయన కుర్చీ కింద వానాకాలపు రబ్బరు బూట్లున్నాయి. వాటిలో ఒకదాంట్లో.

"నేరస్థలంలో సాక్ష్యం తలకిందులుగా ఉంది. కాబట్టి బూటులోనూ తలకిందులుగానే పెట్టాను. ఉన్న భంగిమ మార్చకూడదు. ఇది మా వృత్తిధర్మం."

"రోజూ కాలు తగలదా బావా?"

"కూర్చున్నప్పుడల్లా తగిలి బూటు కాస్త తిరుగుతుంది. అయినా నోరెత్తలేదు చూడు, గట్టి సాక్షి!"

ఆ పైన విచారణ మొదలైంది. ముందు నన్ను కూర్చోబెట్టి నా మొహం మీద టార్చి వేశాడు. "నువ్వు సోడా తాగుతావా?" "తాగుతాను." "ముఠా సభ్యత్వం ఒప్పుకున్నాడు" అని రాసుకోబోతే పెన్ను లాక్కున్నాను. తరవాత వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు. అక్క అత్తగారికి మోకాళ్ళ నొప్పి. పెరటి మెట్లు దిగడం మానేసి చాలా కాలమైంది. పైగా కోడలు ఉద్యోగం మానడం ఆవిడకి బొత్తిగా ఇష్టంలేదు.

"అమ్మా, షెడ్డు వైపు ఎవరైనా అనుమానంగా తిరగడం చూశావా?"

"నాకేం పనిరా ఆ షెడ్డుతో" అంది ఆవిడ గబగబా, చేతులు వెనక్కి పెట్టుకుని.

"అమ్మ నిర్దోషి" అని బావ ప్రకటించాడు. "కళ్ళలోకి చూస్తే తెలిసిపోతుంది." ఆయన చూసింది ఆవిడ కళ్ళజోడు ఫ్రేము.

హోటలావిడ రావలసిన రోజు అక్క పొద్దున్నే మధ్యగదిలో ఐసు, ఉప్పు కలిపిన తొట్టి సిద్ధం చేసుకుంది. మడ్డి దిగిన సీసా మూతి అందులో ముంచితే మడ్డి గడ్డకడుతుందట. మూత తీయగానే ఆ గడ్డ ఎగిరిపోయి తేట వైన్ మిగులుతుందట. కాని చెక్కలోంచి ఏ సీసా తీసి దీపానికి పట్టినా బియ్యం కడిగిన నీళ్ళే. అక్క మొహం చూడలేకపోయాను.

ఈలోగా బావ బూటులోంచి తన సాక్షిని తీసుకొచ్చి, భంగిమ మార్చకుండా తొట్టిలో తలకిందులుగా గుచ్చాడు.

"ఏంటి బావా ఇది?"

"నేరస్థుణ్ణి బయటపెట్టే దాకా సాక్ష్యం వేడెక్కకూడదు."

హోటలావిడ వచ్చింది. ముక్కుసూటి మనిషి, ముక్కు కూడా సూటిగానే ఉంది. బల్ల ముందు కూర్చుంది. అత్తగారు కూడా పని ఉన్నట్టు గుమ్మందాకా వచ్చి నిలబడింది. బావ పళ్ళరసం తాగే వెడల్పు గిన్నెలాంటి గ్లాసు తెచ్చిపెట్టాడు.

"ఇందులో బుడగలు ఇట్టే పారిపోతాయి. పొడుగ్గా, సన్నంగా ఉన్నది ఇవ్వండి" అంది ఆవిడ.

"చిత్తం. ఎలాగూ మంచి స్పార్క్లింగ్ వైన్‌ని చప్పుడుబట్టే చెప్పెయ్యొచ్చు. తుపాకీ పేలినట్టు పేలాలి!"

"పేలకూడదండీ. నిట్టూర్చినట్టు తెరుచుకోవాలి. పేలిందంటే గ్యాసంతా గాలిపాలే."

అక్క ఓ సీసా తెరిచింది. గ్లాసులో మబ్బు దిగింది. హోటలావిడ పెదవి విరిచి బ్యాగు అందుకుంది. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణంలో నాకు ఆ సోడా ముఠా నిజంగా ఉంటే బాగుండును, నాలుగు తన్నొచ్చు అనిపించింది.

"ఆగండి!" బావ తొట్టి దగ్గరికి దూకాడు. "అసలు నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు! ఇదిగో సాక్ష్యం!"

సీసాని తలకిందులుగానే ఎత్తి, మూత కింద ఓపెనరు పెట్టి, మూతి అటక వైపు లేపుతూ పీకాడు.

ఢాం!

మూతా, దాని వెనక ఓ మురికి మంచుగడ్డా ఎగిరి అటక అంచున ఉన్న రేకుడబ్బాకి తగిలాయి. బావ హడలిపోయి సీసాని నిటారుగా తిప్పి బొటనవేలితో మూతి మూసేశాడు. అటక మీది డబ్బా దొర్లి కింద పడింది. లోపలినుంచి మడతపెట్టిన తుడుపుగుడ్డలు బయటికి జారాయి. ఒక్కోదాని మీదా తెల్లటి సుద్ద. వాటితోపాటు ఓ సుద్దముక్క.

"అయ్యో, నా గుడ్డలు!" అంది అత్తగారు.

అక్క ఓ గుడ్డ చేతిలోకి తీసుకుంది.

"అత్తయ్యా... మీరా?"

ఆవిడ తల దించుకుంది. "హోటలు వాళ్ళు వచ్చేసరికి సీసాలు మెరుస్తుండాలని పొద్దున్నే ఒక్కోటీ తీసి, నిలబెట్టి, శుభ్రంగా తుడిచి పెడుతున్నానమ్మాయ్. ఎవడో వంకరటింకరగా గీతలు గీసిపోతున్నాడు. చెరిపేసి అందంగా నేను గీశాను. నువ్వు ఓడిపోయి ఆ కుర్చీలోకి వెళ్ళడం నాకిష్టం లేదు."

"మరి మోకాళ్ళు?"

"నొప్పే."

అక్కకి కోపం రావాలి, వచ్చినట్టే వచ్చి ఏడుపు అయిపోయింది. పరిగెత్తి అత్తగారిని కావిలించుకుంది.

"నాకు ముందే తెలుసు" అన్నాడు బావ, ఇంకా బొటనవేలు తీయకుండా.

"ఆ వేలు తీసి ఇలా పోయండి" అంది హోటలావిడ.

పోశాడు. వైన్ అద్దంలా తేటగా ఉంది. గ్లాసు అడుగునుంచి బుడగలు సన్నటి దారంలా, ఆగకుండా పైకి ఎక్కుతున్నాయి. ఆవిడ ఓ గుక్క తాగి అక్క వైపు చూసింది. "చివర్లో కలిపే చక్కెర పాకం ఇందులో కలపలేదా?"

"లేదండీ, క్షమించండి, టైము..."

"కలపకండి. మా దగ్గర అందరూ ఉప్పగా, కరకరలాడేవే తింటారు. వాటికి తీపి వైన్ ఇస్తే రెండో గ్లాసు అడగరు. తీపి తినేవాళ్ళకి తియ్యటిది వేరే చేయండి. మిగతావి తేటపడ్డాక కబురు పెట్టండి, అన్నీ ఇలాగే ఉంటే అన్నీ మావే." గుమ్మం దగ్గర ఆగింది. "ఇంతకీ ఇంత బాగా మడ్డి దింపే పద్ధతి ఏమిటి?"

బావ కుర్చీ కింద రోజూ తిరిగిన బూటు సంగతి నేను అక్క చెవిలో ఊదాను. "మా వృత్తిరహస్యం" అన్నాం అక్కా, బావా, నేనూ ఒక్కసారే. మీకు ఏ వృత్తి అన్నట్టు బావ మా ఇద్దరి వైపు చూశాడు.

ఆవిడ వెళ్ళాక బావ మీసం దువ్వుకుంటూ నాతో, "చూశావుగా బావమరిదీ, నా వ్యూహం! ముఠా పరార్!" అంటూ కుర్చీలో వాలాడు. నేను తల బాదుకుందామనుకుంటే చెయ్యి రాలేదు. అక్క నవ్వుతోంది మరి, చాలా రోజుల తరవాత.

సాయంత్రం షెడ్డులో అత్తగారికి స్టూలు వేసి, సీసా బయటికి తీయకుండా ఎంత తిప్పాలో నేర్పింది అక్క. గీతలు వంకరగానే ఉండాలంటే ఆవిడ ప్రాణం విలవిల్లాడింది గానీ ఒప్పుకుంది. తరవాత అక్క చేతిలో ఓ సీసా పట్టుకుని దుకాణంలోకి వచ్చింది.

"ఏవండీ."

"చెప్పు, ఇంకో కేసా?"

"మీ రెండో బూటు ఖాళీగానే ఉందా?"