అటకెక్కిన ధైర్యం

ఆ ఉదయం ఆయన పథకం చాలా చిన్నది. అటక మీదున్న పెద్ద పెట్టె దింపాలి, దుమ్ము దులపాలి, బట్టలు సర్దాలి. పెట్టె సర్దడం ఆయనకు చేతకాదు గానీ, సర్దుకుపోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. బీరువాలు తయారుచేసే కంపెనీలో లెక్కలు రాసే ఆయనకు ఆఫీసులో ఒకటే పేరు: సరేగారు. మేనేజరు ఏమన్నా "సరే సార్." ప్యూను ఏమన్నా "సరే నాయనా." బీరువాల కంపెనీ కదా, చేరిన రోజునే నోటికో తాళం వేసి, చెవి తమ దగ్గరే ఉంచుకున్నట్టున్నారు.

మొన్న మేనేజరు, ఎవరూ వెళ్ళనని మొరాయిస్తున్న ఒక దూరపు శాఖకు ఆయన్ని బదిలీ చేస్తూ కాగితం చేతిలో పెట్టాడు. ఈ రోజే సంతకం పెట్టి ఇవ్వాలి. ఇష్టం లేకపోతే ఈ రోజే చెప్పాలి. ఇష్టం లేదు. చెప్పడం అంతకంటే ఇష్టం లేదు.

దుకాణానికి బయల్దేరుతూ భార్య గుమ్మంలో ఆగింది. వీధి చివర ఆవిడకు సొంత టైలరింగ్ దుకాణం ఉంది.

"ఏమండీ, నేను కుట్టి కుట్టి నిలబెట్టిన దుకాణం అది. మీరు సంతకం పెడితే షట్టరు దించేయాలి. వెళ్ళను. మూడంటే మూడక్షరాలు. చెప్పలేరా?"

"చెబుతాలే. కాస్త వీలు చూసుకుని..."

"మీరు వీలు చూసుకునేలోపు నేను వీలునామా రాసుకోవాలి!"

ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన స్టూలెక్కి పెట్టె లాగాడు. పెట్టె రాలేదు గానీ, దాని మీదున్న డైరీ ఒకటి వచ్చి నెత్తిన పడింది. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు పురుగులు కొట్టేశాయి. కాలేజీ రోజుల్లో తానూ డైరీ రాసేవాడని గుర్తొచ్చి, సరేగారు స్టూలు మీదే కూర్చుని తెరిచాడు.

"ఈ రోజు హాస్టల్ వార్డెన్ ముఖం మీదే చెప్పాను, చల్లారిన భోజనం ఇక తినేది లేదని. వార్డెన్ గుడ్లురిమింది. నేనూ ఉరిమాను."

సరేగారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇంకో పేజీ తిప్పాడు.

"ఈత పోటీలో అన్నిటికంటే పై మెట్టు నుంచి దూకాను. కళ్ళు మూసుకోలేదు." ఆ తర్వాత: "బస్సులో పర్సు కొట్టేసినవాణ్ణి వీధులన్నీ తరిమి పట్టుకున్నాను. అందరూ చూస్తూ నిలబడ్డారు. నేను నిలబడలేదు."

వీటిలో ఒక్కటీ ఆయనకు గుర్తు లేదు. కానీ అదే ఆయన్ని కదిలించింది. ఇన్ని ఘనకార్యాలు చేసి ఒక్కటీ గుర్తుపెట్టుకోలేదంటే ఎంత నిగర్వి అయ్యుండాలి తను! అక్షరాలు కూడా ఇప్పటి తన రాతలా లేవు. అప్పట్లో నిటారుగా నిలబడేవన్నమాట, ఉద్యోగంలో చేరాకే అన్నీ నడుం వంచాయి.

"అటకెక్కింది పెట్టె కాదు, నా ధైర్యం!" అని ఆయన స్టూలు మీంచి దూకాడు. కళ్ళు మూసుకోలేదు. మోకాలు మాత్రం పట్టేసింది.

వీధిలో ఛాతీ ముందు, ఆయన వెనక నడుస్తున్నారు. మలుపు దగ్గర బస్సొకటి మెల్లగా కదులుతోంది. సూటు వేసుకున్న ఒకాయన సంచి చంకన పెట్టుకుని పరుగెడుతూ కడ్డీ అందుకుని, మెట్టు మీద ఒక కాలు వేశాడు. లోపల్నుంచి కండక్టరు అరిచాడు.

"పట్టుకోండి! గట్టిగా పట్టుకోండి! వదలొద్దు!"

నిన్నటి సరేగారైతే పక్కకు తప్పుకునేవాడు. ఈ రోజు ఎగిరి, ఆ పెద్దమనిషి నడుం రెండు చేతులా వాటేసుకున్నాడు. బస్సు వెళ్ళిపోయింది. పెనుగులాటలో ఆయన కాలరు చిరిగి, ఇద్దరూ రోడ్డు మీద మిగిలారు.

"ఎవరయ్యా నువ్వు? వదులు!"

"వదలొద్దన్నారు! సూటేసుకుని సంచులు కొట్టేస్తావా? సిగ్గు లేదూ? మీ ఇంట్లోవాళ్ళు నిన్ను ఇందుకేనా పెంచింది?"

"ఇది నా సంచే! ఆయన పట్టుకోమంది నన్ను కాదు, కడ్డీని!"

సంచిలోంచి ఆయన ఫొటో ఉన్న కార్డు బయటపడింది. కార్డు మీది కంపెనీ పేరు చదివే ఓపిక మన వీరుడికి లేకపోయింది. చుట్టూ చేరిన జనం నవ్వుతుంటే, "పొరపాటు... సరే... ఉంటానండీ" అని సందులోకి జారుకున్నాడు. అయినా ధైర్యం ఇంకా వేడిగానే ఉంది. చల్లారితే తినేది లేదని తనే రాశాడు కదా! సందులన్నీ చుట్టి ఆఫీసు చేరి, నేరుగా మేనేజరు గదిలోకి దూసుకెళ్ళాడు.

"రండి సరేగారూ, సంతకం పెట్టారా?"

"లేదు సార్! మీరు బదిలీ ఇచ్చారు, నేను బదులిస్తున్నాను. వెళ్ళను!"

 మూలనున్న కుర్చీ కిర్రుమంది. అందులో సూటూ, చిరిగిన కాలరూ కనిపించాయి.

"ఇతనే!" అన్నాయి సూటూ కాలరూ కలిసి.

మేనేజరు లేచి నిలబడ్డాడు. "ఏం చేశాడు సార్? మీరు పొరపడుంటారు. సరేగారూ, ఈయన హెడ్డాఫీసు డైరెక్టరుగారు. కారు చెడిపోయి బస్సెక్కబోతుంటే ఎవడో మూర్ఖుడు... మీరా?"

సరేగారు "సరే" అనబోయి మానుకున్నాడు. కాళ్ళు రెండూ అప్పటికే బదిలీకి ఒప్పేసుకున్నట్టు తలుపు వైపు తిరిగాయి. "నేనే సార్," అన్నాడు. "పట్టుకున్నదీ నేనే. వెళ్ళనన్నదీ నేనే. మొదటిదానికి క్షమించండి. రెండోదానికి అక్కర్లేదు."

"సార్, ఈయన నోట్లో నాలుక లేని మనిషి. అందుకే అంత దూరం పంపుతున్నాం," అన్నాడు మేనేజరు దీనంగా.

"నాలుక లేదా? నడిరోడ్డు మీద మా ఇంట్లోవాళ్ళ పెంపకం దాకా వెళ్ళాడయ్యా!" డైరెక్టరు నడుం తడుముకుని, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. "ఇక్కడి గోదాములో వారం వారం తాళాలు మాయమైపోతుంటే పట్టుకునేవాడూ లేడు, పట్టించుకునేవాడూ లేడు. పట్టుకుంటే వదలని మనిషిని దూరం పంపుతారా? గోదాము ఇతనికే అప్పగించండి. బదిలీ రద్దు."

సరేగారు ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చాడు. కబురు అప్పటికే దుకాణానికి అందింది. భార్య కొలత టేపు మెడలో అలాగే ఉంచుకుని పరుగున వచ్చేసింది.

"నిజమేనా? నా దుకాణం ఉంటుందా? మీరేనా ఆ మాటన్నది?"

"నేనే మరి! అసలు నేనెవరో నీకు తెలీదు. ఇదిగో, చదువు!"

ఆవిడ డైరీ అందుకుని రెండు పేజీలు తిప్పి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ, ఈ వార్డెన్ మా వార్డెనండీ. ఆడపిల్లల హాస్టల్. ఇది నా డైరీ!"

సరేగారు స్టూలు మీద కూలబడ్డాడు. వచ్చాడంటే మగవాడు, వచ్చిందంటే ఆడది, వచ్చానంటే మాత్రం ఎవరో ఒకరు. తెలుగులో "నేను"కి మీసాలూ ఉండవు, జడా ఉండదు.

"ఈత కూడా నువ్వేనా?"

"నేనే."

"పర్సు దొంగ?"

"నాకే దొరికాడు. చివరిదాకా చదవలేదా? ఇది వినండి. 'లైబ్రరీలో ఒకతన్ని చూశాను. ఎవరో లేవమంటే లేచాడు. ఇంకెవరో కూర్చోమంటే కూర్చున్నాడు. పాపం, ఇతన్ని ఎవరు చేసుకుంటారో! వచ్చే ఆదివారం పలకరించి చూడాలి.'"

"అయితే ఈ రోజు నేను చూపించిన ధైర్యం నాది కాదన్నమాట," అన్నాడాయన నీరుగారిపోయి.

"నా కొలతకి కుట్టిందే. కానీ వేసుకుని వీధిలోకి వెళ్ళింది మీరు. నడుం దగ్గర కాస్త బిగుతైంది, అంతే!" అని ఆవిడ నవ్వి, అటక మీంచి ఇంకో డైరీ లాగి ఆయన ఒళ్ళో పడేసింది. "మీది ఇదీ."

ఆయన తెరిచాడు. జనవరి ఒకటి: "డైరీ కొన్నాను." రెండు: "నిన్నటిలాగే." మూడు: "అదే." ఆ తర్వాత డిసెంబరు దాకా తెల్ల కాగితం. ఆవిడ పెన్ను చేతికిచ్చింది. సరేగారు అక్షరాలు నిటారుగా నిలబెట్టి రాశాడు: "ఈ రోజు బస్సెక్కుతున్న డైరెక్టరును దించాను. బదిలీని ఆపాను."

ఆవిడ భుజం మీంచి తొంగి చూసింది.

"కింద మీ పేరు కూడా రాయండి. లేకపోతే ఇదీ నేనే చేశాననుకుంటారు."